మందు అనే మాట

తెలుగులో ‘మందు’ అన్నంత మోసకారి మాట ఇంకొకటి లేదేమో అనిపిస్తుంది నాకు. జ్వరం వస్తే వేసుకునేదీ మందే, సాయంత్రం పూట మగవాళ్లు చాటుకు వెళ్లి పుచ్చుకునేదీ మందే. దీపావళి చిచ్చుబుడ్డిలో కూరేది మందు, బండలు పేల్చడానికి పెట్టేది మందు. కోడలు కొడుక్కి ఏదో పెట్టి కొంగున ముడేసుకుందని వెనకటి అత్తగార్లు అనుమానపడేవారే, అదీ మందే. ఇక చేలో కొట్టే మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వైరాలో బస్సు దిగి “మందుల షాపు ఎక్కడండీ?” అని అడిగి చూడండి. “మనుషులవా, చేలవా?” అని ఎదురు ప్రశ్న వేస్తారు.

ఇంగ్లీషువాళ్లు ఈ చివరిదానికి పెట్టుకున్న పేరులో చంపడమనే అర్థం దాచకుండా ఉంది. పెస్టిసైడ్ అన్నా ఇన్సెక్టిసైడ్ అన్నా చివర ఉన్న ఆ ‘సైడ్’ అనే తోక, సూసైడ్‌లో ఉన్న తోక ఒకటే. మనం మాత్రం మందు అన్నాం. పంటకు జబ్బు చేసింది, మందు వేస్తున్నాం అన్నమాట! దీన్ని ఆనాడే ‘పురుగుల విషం’ అని పిలిచి ఉంటే, మా చిన్నమ్మ తన వంటింటి అటక మీదికి ఎక్కించనిచ్చేదా అని చాలాసార్లు అనుకున్నాను.

మా చిన్నమ్మ దగ్గరికే వస్తున్నాను. దానికి ముందు కాస్త వెనక్కి వెళ్లాలి.

పురుగు నిన్నా మొన్నా పుట్టింది కాదు. మా అమ్మమ్మ కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టేది. విత్తనాల కుండలో బూడిద కలిపేది. గాదె అడుగున వేపాకు పరిచేది. పెరట్లో వంగమొక్కలకు పేను పడితే పొయ్యిలోని బూడిదే చేటలో తెచ్చి పొద్దున్నే, మంచు తడి ఆరకముందే చల్లేది. పురుగు కొంత తినేది, మిగిలింది మనం తినేవాళ్లం. ఆ రోజులన్నీ బంగారు రోజులని నేననను. పురుగు వాటా పెద్దదైన ఏడు ఇంట్లో పిల్లలకు గింజలు ఉండేవి కావు, అది కూడా అమ్మమ్మే చెప్పింది.

1939లో స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు డిడిటికి పురుగుల్ని చంపే గుణం ఉందని కనిపెట్టాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అదీ వైద్యశాస్త్రంలో! అంటే దాన్ని మందు అన్నది మనమొక్కళ్లమే కాదన్నమాట. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, పంపులు భుజానేసుకుని ఊరూరా వచ్చి గోడలకు డిడిటి కొట్టారు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున బతికిన వాళ్లకు మన్యం జ్వరం అంటే ఏమిటో తెలుసు. కొత్తగా ఉద్యోగం వేస్తే ఏజెన్సీకి వెళ్లనని ఏడ్చిన గుమాస్తాలున్నారట. ఆ జ్వరాన్ని తగ్గించింది గనక డిడిటిని మా అమ్మమ్మ చివరిదాకా మంచిమాటే చెప్పింది. గోడమీద ఆ తెల్లటి చార చూస్తే ఆవిడకు ధైర్యం. ఈ న్యాయం దానికి చేయాలి.

తర్వాత వచ్చిన వాటి పుట్టుక వేరు. 1930లలో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే ఆయన పురుగుల్ని చంపే పదార్థం కోసం వెతుకుతూ 1936లో టాబున్ అనే దానిమీద పడ్డాడు. అది ఎంత బాగా పనిచేసిందంటే, సైన్యం వాళ్లు వచ్చి మనుషుల మీదికి పనికొస్తుందని పట్టుకుపోయారు. నరాల మీద పనిచేసే విషవాయువు అది. అదే కుటుంబానికి చెందిన పారథియాన్ కూడా ఆయన కనిపెట్టిందే. యుద్ధమయ్యాక అది ఫోలిడాల్ అనే పేరుతో పొలాలకు వచ్చింది. 1958లో కేరళకు సరుకు తెచ్చిన ఓడలో ఆహారపదార్థాల పక్కనే ఫోలిడాల్ పెట్టారు, అది కారి వాటిలో కలిసింది. తిన్నవాళ్లలో వందమందికి పైగా చచ్చిపోయారు. ఆ తర్వాత పదేళ్లకు, 1968లో, మన దేశంలో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971 నిబంధనల ప్రకారం డబ్బా మీద రంగుల గుర్తు వేయాలి. ఎరుపుంటే అతి ప్రమాదం, పైన పుర్రె బొమ్మ. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువురాని వాళ్లకు కూడా తెలియాలని ఈ ఏర్పాటు. బాగానే ఉంది. కాని ఎరుపు మంచిదా పసుపు మంచిదా అని రైతు అడిగేది షాపులో, చెప్పేది అమ్మేవాడు. మా ఊళ్లో ఎర్రగుర్తు అంటే “గట్టి మందు” అని అర్థం. గట్టిదైతే ఇంకా మంచిది కదా!

నవలలు రాసుకునే దాన్ని గనక ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను పుట్టకముందు వచ్చిన తెలుగు నవలల్లో ఎండ్రిన్ అనే మాట ఎన్ని చోట్ల తగులుతుందో! ప్రేమ విఫలమైన అమ్మాయి, అప్పులపాలైన నాన్న, అత్తింట్లో మాటపడ్డ కోడలు, అందరి కథా చివరికి ఆ డబ్బా దగ్గరికే వచ్చేది. రచయితలు కల్పించింది కాదది. అప్పటికది ప్రతి రైతు ఇంట్లో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేది. 1990లో ఎండ్రిన్‌ను మన దేశంలో నిషేధించారు. నవలల్లోంచి ఆ పేరు పోయింది. డబ్బా అలాగే ఉంది, పేరు మారింది.

ఇక పత్తి. మాది వైరా రిజర్వాయరు కింద ఊరు. నిజాం కాలంలో, 1930లో పూర్తయిన చెరువు అది. చెరువని మేం ముద్దుగా అంటాం గాని సముద్రంలా ఉంటుంది. దాని కింద వరి. కాలవ ఎక్కని నల్లరేగడిలో జొన్న, కంది, పెసర. వరికి మందు కొట్టేవాళ్లు గాని లెక్కలో ఉండేది. కథ మార్చింది పత్తి. 1970లో గుజరాత్‌లో హైబ్రిడ్ పత్తి వచ్చింది. 1972లో ధార్వాడలో ఇంకొకటి తయారైంది, దాని పేరు వరలక్ష్మి. ఎంత చక్కని పేరో చూడండి! శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచినట్టుగా ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లనేలల్లో పొగాకు వేసేవాళ్లు ఈ కొత్త పత్తి వేశారు. కొన్నేళ్లు మేడలు లేచాయి. వెంట పురుగూ లేచింది, ఎందుకంటే ఎకరాలకెకరాలు ఒకే పైరు వేస్తే పురుగుకు మనం విస్తరి వేసి వడ్డించినట్టే. 1980ల నాటికి ఆ జిల్లాల రైతులు కొందరు ఖమ్మం వైపు, అడవి కొట్టిన కొత్త నేలల వైపు వచ్చారు. కౌలుకు తీసుకుని పత్తి వేశారు. వాళ్లను చూసి మావాళ్లు వేశారు. వాళ్లతోపాటే మందుల షాపులూ వచ్చాయి.

మా బాబాయి వాళ్లను చూసే వేశాడు. 1991లో తల్లాడ దాటి, ఏన్కూరు దాటి, అడవి మొదట్లో ఉన్న ఒక ఊళ్లో ఐదెకరాలు కౌలుకు పట్టాడు. వైరా కాలవ కింద మాగాణి ఎకరంన్నర అన్నదమ్ముల చేతిలో పెట్టి, చిన్నమ్మనూ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని అక్కడికి కాపురం మార్చాడు. వేసవి సెలవులకు నేను వెళ్లేదాన్ని. ఇంటి ముందు పెద్ద వేపచెట్టు, దాని తొర్రలో తేనెపట్టు, వెనక వాగు. వాగులో చిన్నమ్మ చీర కొంగుతో చేపలు పట్టడం చూశాను. మొదటి ఏడు పత్తి బాగా పండింది. చిన్నమ్మ చెవులకు బంగారు బుట్టలు వచ్చాయి. మా అమ్మ కొంచెం అసూయపడింది కూడా, ఇప్పుడు చెబితే తప్పులేదు.

రెండో ఏట పురుగు ఎక్కువైంది. మూడో ఏట ఎన్నిసార్లు కొట్టారో లెక్కలేదు. పంటకాలంలో పదిహేను, ఇరవైసార్లు కొట్టడం అప్పుడు పత్తికి మామూలే. మందు ఉద్దెర మీద ఇచ్చేవారు. ఖాతా రాసుకుని, వడ్డీ వేసుకుని, పత్తి వచ్చాక ఆ షాపుకే తోలాలి, ఆయన చెప్పిందే ధర. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆయనే. డాక్టరూ ఆయనే, మందుల కొట్టూ ఆయనే, షావుకారూ ఆయనే. అలాంటి వైద్యానికి జబ్బు ఎప్పటికి తగ్గుతుంది?

ఖరీదైన సరుకు గనక చేలో వదలరు, దొంగలెత్తుకుపోతారు. అందుకని ఇంట్లో, పిల్లలకు అందకుండా, వంటింటి అటక మీద. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. మొదటి రోజు తల తిరిగేది, మూడో రోజుకు తెలిసేది కాదు. చిన్నమ్మ అన్నం వార్చిన గంజి వాసనా అదీ కలిసి ఉండేది. బాబాయి మూత తీసి, డబ్బా మూతతోనే కొలిచి, ఒక మూత అని రాసి ఉంటే రెండు పోసి, రెండు రకాలు కలిపి, వేపపుల్లతో తిప్పేవాడు. చొక్కా విప్పి లుంగీ ఎగ్గట్టి పంపు వీపుకు తగిలించుకునేవాడు. ఆ ఎండకు ఒంటినిండా బట్ట కట్టుకుని కొట్టమని చెప్పేవాళ్లను ఒకసారి ఆ పంపు మోయించాలి. సాయంత్రం ఆ లుంగీ, ఆ పంపు వాగులోనే కడిగేవాళ్లు. ఖాళీ డబ్బాలు మట్టిపెట్టి తోమి కిరసనాయిలు పోసుకునేవాళ్లు. రాలిన పురుగులు తిని ఒక్క వారంలో ఏడు కోళ్లు చచ్చాయి. తేనెపట్టు ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ చూడలేదు. వాగులో చేపలు తెల్లగా పొట్ట పైకి పెట్టి తేలిన రోజు మాత్రం చూశారు. “నీళ్లు తగ్గి చచ్చినయ్” అన్నాడు బాబాయి. చిన్నమ్మ ఏమీ అనలేదు గాని ఆ మర్నాటినుంచి పిల్లల్ని వాగులోకి దిగనివ్వలేదు. పత్తి తీసే ఆడవాళ్లు నడుంకు ఒడి కట్టుకుని రోజంతా ఆ చెట్ల మధ్యే. ఇంటికొచ్చి తలకు గుడ్డ బిగించుకుని పడుకునేవాళ్లు. దాన్ని వాళ్లు పత్తి తలనొప్పి అనేవాళ్లు. ఎండ తలనొప్పి, పస్తు తలనొప్పి ఉన్నట్టే ఇదీ ఒకటి.

1994 దసరా ముందు ఒక మధ్యాహ్నం బాబాయి చేలో పడిపోయాడు. నోట నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఈ జాతి మందు నరానికీ కండకూ మధ్య పని ముగిసినా ఆగనివ్వదు, అందుకే నోరూ కన్నూ ముక్కూ కారిపోతాయి, ఊపిరి అందదు. దానికి విరుగుడు అట్రోపిన్ ఇంజక్షను. అది ఖమ్మంలో ఉంది, ఆయన అడవి మొదట్లో ఉన్నాడు. చింతపండు పులుసు తాగించి, ట్రాక్టరులో తల్లాడ దాకా తెచ్చి, అక్కడ జీపు పట్టుకుని ఖమ్మం చేర్చేసరికి చీకటి పడింది. పదకొండు రోజులున్నాడు ఆస్పత్రిలో. బతికాడు.

షాపాయన పరామర్శకు వచ్చాడు. హార్లిక్స్ సీసా తెచ్చాడు, కాసేపు కూర్చున్నాడు, దేవుడి దయ అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ చిన్నమ్మతో, “ఖాతా సంగతి తర్వాత చూసుకుందాం లెండమ్మా” అన్నాడు. చెడ్డవాడు కాదు. అతనికీ పైన ఎవరో ఉన్నారు.

చిన్నమ్మ ఇంటికొచ్చి అటక మీద డబ్బాలన్నీ దించింది. పారేద్దామంటే ఎక్కడ పారేస్తుంది? వాగులోనా? పెరట్లో పాతిపెడితే బావి అక్కడే. షాపు వెనక్కి తీసుకోదు. పైగా అవన్నీ ఖాతాలో ఉన్న డబ్బులు, చేలో పత్తి ఇంకా ఉంది. మూడు రోజులు అరుగు మీద గోనెపట్టా కప్పి ఉంచింది. నాలుగో రోజు మా చిన్న బాబాయి వైరా నుంచి వచ్చి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఆ మందే ఆ చేలోనే కొట్టాడు. దీన్ని నేను నవలలో రాస్తే నమ్మరని ఇన్నాళ్లూ రాయలేదు. మరుసటి ఏడు మాగాణి ఎకరంన్నర అమ్మి ఖాతా తీర్చి, ఖమ్మం వచ్చేశారు. బాబాయి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాపలా పనికి కుదిరాడు. ఐదెకరాలు దున్నిన చేతులకు టార్చిలైటు ఇచ్చారు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే పత్రికకెక్కేంత విశేషం కాదు. మావాళ్లు పత్తి వేయడానికి నాలుగేళ్ల ముందే, 1987-88లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది. రైతులు పదుల సంఖ్యలో ప్రాణాలు తీసుకున్నారు. అంతకుముందు తెల్లదోమ పెద్ద శత్రువేమీ కాదు. కాయతొలిచే పురుగు కోసమని కొత్త పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా కొడితే, తెల్లదోమను తినే సాలీళ్లూ, అక్షింతల పురుగులూ, అల్లిక రెక్కల పురుగులూ ముందు చచ్చాయి. అడ్డు లేకపోయేసరికి దోమ పెరిగింది. దోమకు ఇంకో మందు, దానికి ఇంకోటి. చచ్చినవి పోగా చావని పురుగులు మిగిలి, వాటికి పుట్టినవి మందుకు లొంగకుండా పోయాయి. శనగపచ్చ పురుగైతే మందులో స్నానం చేసి లేచినట్టు లేచేది. అమెరికాలో రేచల్ కార్సన్ అనే ఆవిడ 1962లోనే ఈ సంగతంతా పుస్తకం రాసి పెట్టింది. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని చంపిన వాయువు కూడా పురుగుమందు తయారీకి నిలవ చేసిందే. ఆ వార్త పేపర్లో చదివి అయ్యో అనుకున్న ఇళ్లలోనే అటక మీద డబ్బాలున్నాయి. రెండింటికీ చుట్టరికం ఉందని ఎవరికి తడుతుంది? అది ఫ్యాక్టరీ గ్యాసు, ఇది మందు.

1997-98లో వరంగల్ జిల్లాలో లద్దెపురుగు వచ్చింది. వందల మంది పత్తి రైతులు చనిపోయారు. చాలామంది అప్పుచేసి కొన్న డబ్బాతోనే పోయారు. పురుగును చంపలేకపోయిన మందు అది.

ఇప్పుడు పునుకుల గురించి చెప్పాలి. వైరా నుంచి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లి, అక్కడినుంచి భద్రాచలం దారిలో పోతే పాల్వంచ వస్తుంది. ఆ మండలంలో చిన్న ఊరు పునుకుల. గిరిజనులు ఎక్కువ. వాళ్లకూ పత్తి గుంటూరు రైతుల్ని చూసే అబ్బింది. ఉద్దెరా అంతే, ఖాతా అంతే, పంపు మోసినవాళ్లు పడిపోవడమూ అంతే. మా బాబాయి ఊరికీ దానికీ తేడా ఏమీ లేదు, 1999 దాకా.

ఆ ఏడు సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, హైదరాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ సాయంతో, పురుగుమందు లేకుండా పత్తి పండించవచ్చని ఆ ఊరివాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరు నమ్ముతారు? మందు కొట్టకపోతే పక్క చేనివాడు కూడా ఊరుకోడు, నీ పురుగు నా చేలోకొస్తుందని. మొదట ఒకరిద్దరు, ఉన్న పొలంలో కొంత వదిలి చూశారు. వాళ్లు చేసిందంతా పాత చేదస్తమే, కాకపోతే లెక్క ప్రకారం. వేసవిలో లోతు దుక్కి దున్ని పురుగు కోశాలను ఎండకు మాడ్చడం. చేను చుట్టూ ఆముదం, మధ్య మధ్య బంతి. లద్దెపురుగు తల్లికి ఆముదపాకు ఇష్టం, శనగపచ్చ పురుగు తల్లికి బంతిపువ్వు ఇష్టం. అక్కడ గుడ్లు పెడితే ఆ ఆకు గిల్లేస్తే సరి. పక్షులు వాలడానికి కర్రలు పాతడం, వాలినవాళ్లు తమ భోజనం తాము చూసుకుంటారు. పసుపు పూసిన రేకులకు జిగురు రాసి నిలబెట్టడం, తెల్లదోమకు ఆ రంగంటే పిచ్చి. పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ నూరిన ద్రావణం. పేడా ఆవుమూత్రమూ పులియబెట్టిన నీళ్లు. అన్నిటికీ మించి వేపగింజల కషాయం. ఎకరానికి ఐదు కిలోల పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వంద లీటర్ల నీళ్లకు కలిపి కొట్టాలి. ఇది పురుగును కొట్టి చంపదు. నోరు చేదుచేసి ఆకలి పోగొడుతుంది, పెద్దదైనా పెరగనివ్వదు, గుడ్లు పెట్టనివ్వదు. తిండి మానేసి అదే పోతుంది. కొందరి వంట గుర్తొచ్చిందా? నాకూ వచ్చింది.

ఈ వేప మీదే ఒక అమెరికా కంపెనీ యూరప్‌లో పేటెంటు తెచ్చుకుంది. 1994లో ఇచ్చిన ఆ పేటెంటును 2000లో కొట్టేశారు, 2005లో అప్పీలూ పోయింది. మా అమ్మమ్మ గాదె అడుగు సాక్ష్యంగా వెళ్లలేదు గాని వెళ్లాల్సిందే.

పంట తగ్గలేదు, ఖర్చు తగ్గింది. అంతే, లెక్క కుదిరింది. ఏడాది తిరిగేసరికి ఇంకొన్ని ఇళ్లు చేరాయి. అసలు బలం ఆడవాళ్ల పొదుపు సంఘాల నుంచి వచ్చింది. ఎందుకో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. లుంగీ ఉతికేది వాళ్లు, తలకు గుడ్డ కట్టుకునేది వాళ్లు, ఆస్పత్రి వరండాలో కూర్చునేది వాళ్లు, తాకట్టు పోయే బుట్టలు వాళ్లవి. మందు ఖరీదు పూర్తిగా తెలిసింది వాళ్లకే. వేపగింజలు ఏరేదీ వాళ్లే, దంచేదీ వాళ్లే. మగవాళ్లు అదనపు చాకిరీ అని సణిగే చోట వాళ్లు చాకిరీ ఒప్పుకున్నారు. తర్వాత గింజలు పొడికొట్టే యంత్రం కూడా సంఘం కొనుక్కుంది. 2003-04 నాటికి ఊరు ఊరంతా మానేసింది. మాది పురుగుమందు లేని ఊరని, మందులు అమ్మేవాళ్లు ఊళ్లోకి రావద్దని పంచాయతీయే తీర్మానం చేసింది. ఎన్నో తీర్మానాలు చూశాం, తారురోడ్డు కావాలనీ, వాటర్ ట్యాంకు కావాలనీ. ఒక సరుకు వద్దని చేసింది ఇది.

దాన్ని చూడటానికి ఊళ్లనుంచి రైతులూ, పట్నాలనుంచి అధికారులూ వచ్చారు. 2004-05 నుంచి ప్రభుత్వంలోని పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్ అంటారు దాన్ని, మహిళా సంఘాల ద్వారానే ఈ పద్ధతిని ఇతర జిల్లాలకు పట్టుకెళ్లింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యమని పెద్ద ఎత్తున జరుగుతున్న పనికి దారి అక్కడినుంచే పడింది.

కథ అంతటితో శుభం అయిందనుకునేరు. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. పదేళ్లు తిరక్కుండానే దేశంలో పత్తి అంటే బీటీయే అన్నట్టయింది. కొన్నాళ్లు మందు తగ్గింది, తర్వాత రసం పీల్చే పురుగులకనీ, లొంగని గులాబీ రంగు పురుగుకనీ మళ్లీ ఎక్కింది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది, కేరళ కాసరగోడు జీడితోటల కింద పిల్లల బతుకులు అలా అయిపోయాక. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులూ కూలీలూ చనిపోయారు. మా ఖమ్మం మిరపతోటలకు 2021 చివర నల్ల తామరపురుగు పట్టింది. రెండేసి రోజులకొకసారి మార్చి మార్చి కొట్టారు, ఉన్నవన్నీ కొట్టారు, పువ్వు నిలవలేదు, కొందరు తోట పీకేశారు. వైరా మీదుగా వెళ్లే బస్సు కిటికీ తీస్తే ఆ కాలంలో ఆ పాత వాసన మళ్లీ వచ్చింది నాకు, చిన్నమ్మ వంటింటి వాసన.

బాబాయి ఇప్పుడు లేడు. చిన్నమ్మ ఖమ్మంలో కూతురు దగ్గరుంటుంది. డాబా మీద కుండీల్లో వంగ, బెండ, గోంగూర పెంచుతుంది. ఆ మధ్య వెళ్లినప్పుడు వంగమొక్కలకు పేను పట్టి ఉంది. అల్లుడు షాపు నుంచి ఏదో చిన్న సీసా తెచ్చాడట, తీసుకెళ్లి ఎక్కడ తెచ్చావో అక్కడే ఇచ్చిరా నాయనా అందిట. అతను ఇంకా తిరిగివ్వలేదు, సీసా స్కూటరు డిక్కీలోనే ఉంది. బూడిద కావాలంటే గ్యాసు పొయ్యి బూడిద ఇవ్వదు కదా.

నేను పునుకుల సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. ఆముదం, బంతి దగ్గర తల ఊపింది. వేపగింజల దగ్గరికి వచ్చేసరికి, “వాళ్లు దాన్ని మందంటారా?” అని అడిగింది.

“కాదు, కషాయం అంటారు.”

“పొరపాటున పిల్లలు తాగితే?”

“తాగకూడదు. చేదుగా ఉంటుంది, కక్కేస్తారు. ఒంటికి మంచిది కాదు.”

“చేదుగా ఉంటుందిగా,” అంది చిన్నమ్మ. కాసేపాగి, “పప్పు ఎంతన్నావ్, ఎకరానికి ఐదు కిలోలా? మరి తొమ్మిది కుండీలకు?” అని వేళ్లు మడవడం మొదలుపెట్టింది.